గమాక్సిన్ పొడి ఎక్కడికి పోయింది?



గమాక్సిన్ పేరు వినని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. చీమలు బారులు తీరితే గమాక్సిన్, గాదె కింద చెదలు పడితే గమాక్సిన్, గేదెకు పిడుదులు పడితే గమాక్సిన్. చేలో సంగతి ఇక చెప్పక్కర్లేదు. వరికి తాటాకు తెగులు వచ్చినా, కంకులు కత్తిరించే పురుగు పడినా, వేరుశనగ మీదికి ఎర్ర గొంగళి దండెత్తినా, ఆకుల మీద మంచు ఆరకముందే పల్చని గుడ్డ మూటలో పొడి పోసి, కర్రకు కట్టి, సాలు వెంట తడుతూ పోయేవాళ్లు. మాసిన తెలుపు రంగు, బూజు పట్టినట్టుండే వాసన. చేతికి అంటితే సబ్బుతో కడిగినా వదిలేది కాదు. ఇవాళ కొట్లో దొరికే చీమల మందులో వేరే రసాయనం ఉంటుంది. అయినా పెద్దవాళ్ల నోట ఇంకా గమాక్సిన్ అనే మాటే వస్తుంది.

సంచి మీద ఉండే పేరు బి.హెచ్.సి. 10 శాతం పొడి. ఎకరాకు 10 కిలోలు చల్లమనేవారు. అందులో అసలు మందు ఒక కిలో, మిగతా 9 కిలోలు దాన్ని మోసుకొచ్చే సుద్ద, బంకమట్టి పొడి. కలకత్తా దగ్గర రిష్రాలో 1952లో దీని తయారీ మొదలైంది. 1997 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో నిషేధం వచ్చింది. నడుమ 45 ఏళ్లు. 1948 నుంచి 1997 వరకు ప్రపంచం మొత్తం వాడిన బి.హెచ్.సి. దాదాపు కోటి టన్నులని పరిశోధకుల అంచనా. ఎక్కువగా వాడిన దేశాల్లో చైనా, మన దేశం ముందు వరుసలో ఉన్నాయి.

ఎకరాకు వేసిన ఆ కిలో మందు తర్వాత ఏమైంది? ఇవాళ నేను మాట్లాడేది దీని గురించే. చల్లినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది. పురుగు చచ్చింది, పంట ఇంటికొచ్చింది, మందు సంగతి మరిచిపోయాం. మందు మాత్రం అక్కడితో ఆగలేదు. నేల దాన్ని కొంత విరగ్గొట్టింది, కొంత పట్టి ఉంచింది, కొంత వదిలేసింది. ఏ పాలు ఎంతన్నది మందును బట్టి ఎంత ఉంటుందో, నేలను బట్టి కూడా అంతే ఉంటుంది. ఒకే పొడికి వరి మడిలో ఒక గతి, మెట్ట చేలో ఇంకో గతి.

ముందు ఆ పొడిలో ఏముందో చూద్దాం. బెంజీన్‌ను, క్లోరిన్ వాయువును ఎండలో కలిపి దీన్ని మొదట తయారుచేసిన వాడు మైకేల్ ఫారడే, 1825లో. పురుగుల్ని చంపే గుణం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1912లో టొనిస్ వాన్ డర్ లిండెన్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త అందులో ఒకే సూత్రం గల పదార్థాలు వేర్వేరు ఆకారాల్లో ఉన్నాయని చూపించి, గామా అనే రూపాన్ని విడదీశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో, ఫ్రాన్సులో దీని విష గుణం బయటపడింది. చంపే శక్తి దాదాపు అంతా గామాదేనని కూడా తేలింది. శుద్ధి చేసిన గామాకు లిండేన్ అని పేరు పెట్టారు. మన సంచుల్లో వచ్చింది శుద్ధి చేసిన సరుకు కాదు. అందులో 60 నుంచి 70 శాతం ఆల్ఫా, 5 నుంచి 12 శాతం బీటా, 10 నుంచి 15 శాతం గామా, మిగిలింది డెల్టా, ఎప్సిలాన్. అంటే ఎకరాకు పడిన కిలోలో పురుగును చంపింది నూట యాభై గ్రాములు దాటదు. తక్కిన ఎనిమిది వందల యాభై గ్రాములు పురుగుకు ఏమీ చేయకుండానే మన మట్టిలోకి చేరాయి. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తెలియక చేసిన పని అనడానికి లేదు. చంపేది గామాయేనని పొడి మన ఊళ్లకు రాకముందే తెలుసు. శుద్ధి చేయడానికి ఖర్చవుతుందని చేయలేదు, అంతే.

ఈ ఆకారాల తేడాలోనే మన కథంతా ఉంది కాబట్టి కాస్త ఓపికగా వినండి. ఆరుగురు కోలాటానికి గుండ్రంగా నిలబడ్డారనుకోండి. ఆ ఆరుగురూ ఆరు కార్బన్ పరమాణువులు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కర్ర, అది క్లోరిన్. కొందరి కర్ర నిటారుగా పైకో కిందికో ఉంటుంది, కొందరిది వలయం బయటికి అడ్డంగా ఉంటుంది. సూక్ష్మజీవి గానీ, క్షారం గానీ ఈ అణువును తేలికగా విప్పాలంటే నిటారుగా ఉన్న క్లోరిన్ ఒకటి కావాలి. దాని పక్క కార్బన్ మీద సరిగ్గా ఎదురు దిక్కుకు ఒక హైడ్రోజన్ ఉండాలి. అప్పుడు రెండింటినీ కలిపి ఊడదీయడం తేలిక. గామాలో అలాంటి చోట్లు ఉన్నాయి, ఆల్ఫాలోనూ ఉన్నాయి. బీటాలో ఆరు కర్రలూ బయటికి అడ్డంగానే ఉంటాయి, పట్టు చిక్కే చోటు ఒక్కటీ లేదు. అందుకే చవిటి నేలల్లో క్షారానికి ఆల్ఫా, గామా నెమ్మదిగానైనా లొంగుతాయి, బీటా లొంగదు. పొడిలో బీటా పాలు తక్కువే. అయినా ఏళ్లు గడిచాక మట్టిని పరీక్షిస్తే ఎక్కువగా మిగిలి కనిపించేది అదే.

నేల ఈ మందును నిజంగా విరగ్గొట్టగలదని స్పష్టంగా తేలింది 1960లలో, ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో. కె. రఘు అనే భారతీయ శాస్త్రవేత్త, ఐ.సి. మెక్‌రే కలిసి నీరు నిలిపిన మట్టిలో గామాను కలిపి చూశారు. మామూలు బురదలో అది త్వరగా తగ్గిపోయింది. అదే బురదను వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపేసి కలిపితే చాలా కాలం నిలిచింది. రెండోసారి మందు వేస్తే మొదటిసారి కంటే త్వరగా పోయింది. అంటే పని చేస్తున్నవి మట్టిలోని బతికున్న జీవాలు. మొదటి మోతాదుతోనే వాటికి ఆ పని అలవాటైంది. 1966లో అచ్చయిన ఈ ఫలితం పురుగుమందుల చరిత్రలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది. అప్పటిదాకా ఈ క్లోరిన్ మందులు నేలలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయని చెప్పినవన్నీ చలి దేశాల మెట్ట నేలల లెక్కలు. వరి పండే వేడి దేశాల బురద సంగతి వేరని అప్పుడు తెలిసింది.

ఎందుకు వేరంటే, మడిలో నీరు నిలిచిన కొద్ది రోజులకే పైన పల్చటి పొర తప్ప కింద మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి బాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ బదులు నైట్రేటును, మాంగనీసును, ఇనుమును, గంధకాన్ని వాడుకుంటాయి. బురదలో కాలు దిగబడినప్పుడు వచ్చే మురుగు వాసన, మట్టికి వచ్చే నల్ల బూడిద రంగు ఆ పని తాలూకు గుర్తులే. అలాంటి చోట క్లోరిన్ నిండా ఉన్న అణువు కొన్ని బాక్టీరియాకు పనికొస్తుంది. అవి దాని మీదికి ఎలక్ట్రాన్లను తోసి, క్లోరిన్‌ను జతలు జతలుగా ఊడదీస్తాయి. చివరికి బెంజీన్, క్లోరోబెంజీన్ మిగులుతాయి. వాటిని మళ్లీ వేరే జీవాలు చూసుకుంటాయి. గామా, ఆల్ఫా ఇలా త్వరగా పోతాయి. డెల్టా, బీటా ఆలస్యం చేస్తాయి, అయినా మెట్టతో పోలిస్తే మడిలో వాటికీ కాలం చెల్లుతుంది.

మరి ఆక్సిజన్ ఉన్న మట్టిలో ఏ జీవీ లేదా? ఉంది, అది కటక్‌లో దొరికింది. కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఎన్. సేతునాథన్ బృందం 1990లో చెరుకు వేళ్ల చుట్టూ ఉన్న మట్టి నుంచి ఒక బాక్టీరియాను వేరు చేసింది. గాలి తగిలే చోట కూడా అది ఆల్ఫాను, గామాను, బీటాను కూడా మార్చగలిగింది. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూప్ లాల్ బృందం దాని జన్యువుల్ని చదివింది. ఇవాళ దాని పేరు స్ఫింగోబియం ఇండికం బి90ఎ. అందులో లిన్-ఎ, లిన్-బి అనే రెండు ఎంజైములు ముఖ్యం. మొదటిది నిటారు క్లోరిన్‌ను పక్క హైడ్రోజన్‌తో సహా లాగేస్తుంది. రెండోది బీటా మీద పని చేస్తుంది. క్లోరిన్ తీసి ఆ చోట ఆక్సిజన్, హైడ్రోజన్ జంట పెడుతుంది. అయితే బీటాను అది చివరంటా విరగ్గొట్టదు. ఒకటి రెండు క్లోరిన్లు తీసి నీటిలో కాస్త ఎక్కువ కరిగే పదార్థంగా మార్చి వదిలేస్తుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యంలో ముంచే విషయం ఒకటుంది. ఇదే జన్యువుల జట్టు జపాన్‌లో దొరికిన బాక్టీరియాలోనూ ఉంది, ఫ్రాన్సులో దొరికిన దానిలోనూ ఉంది. ఈ రసాయనం పొలాల్లోకి వచ్చింది 1940లలో. అంతకు ముందు ప్రపంచంలో ఎక్కడా ఇంత మొత్తంలో లేదు. కొన్ని దశాబ్దాల్లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతగలిగే జన్యు ముక్కల సాయంతో మట్టి జీవులు ఈ పని నేర్చుకుని, ఒకదానికొకటి పంచుకున్నాయి. నేల మన తప్పును దిద్దుకోవడానికి తన వంతు ప్రయత్నం చేస్తూనే ఉంది. మనం వేసిన వేగాన్ని అది అందుకోలేకపోయింది.

ఇప్పుడు మెట్టకు వద్దాం. రాయలసీమ ఎర్ర నేలలు, తెలంగాణ చెలకలు, దుబ్బ నేలలు చాలా చోట్ల అరశాతం కూడా సేంద్రియ కర్బనం లేనివి. ఏడాదిలో ఎక్కువ నెలలు తడి ఉండదు. సూక్ష్మజీవులకు తిండీ లేదు, నీరూ లేదు. బురదలో వారాల్లో జరిగే పని ఇక్కడ ఏళ్లకు సాగుతుంది. ఎండ మండిపోతోంది కదా, మందు మాడిపోదా అని చాలామంది అడుగుతారు. నేలను చేరే సూర్యకాంతిలో గామాను తిన్నగా విరగ్గొట్టగల కిరణాలు లేనట్టే. ఎండ దాన్ని మాడ్చదు, ఆవిరి చేసి లేపుతుంది.

ఆవిరి కావడంలో కూడా నేల తడికి పాత్ర ఉంది. పూర్తిగా ఎండిన మట్టి రేణువులు మందును గట్టిగా పట్టి ఉంచుతాయి. వాన పడగానే నీటి అణువులు వచ్చి ఆ చోట్లు ఆక్రమిస్తాయి, మందు ఊడి బయటపడుతుంది. తడి మట్టి ఆరుతున్న కొద్దీ కింది నుంచి నీరు పైకి ఎక్కుతుంది, దాంతోపాటు మందూ పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. తొలకరి పడ్డాక పాత గమాక్సిన్ చేల మీద ఆ బూజు వాసన మళ్లీ లేచేదంటే కారణం ఇదే.

మడి కూడా దీనికి మినహాయింపు కాదు. బురద విరగ్గొడుతుందని చెప్పాను. నిజమే, కానీ అది బురద దాకా దిగిన మందు సంగతి. తమిళనాడులో వెల్లార్ నది కింద వరి పొలాల్లో జపాన్‌కు చెందిన ఎహిమే విశ్వవిద్యాలయం, పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ కేంద్రం శాస్త్రవేత్తలు ఈ మందు ఎటు పోతుందో లెక్కగట్టి 1991లో ప్రచురించారు. చల్లిన దానిలో నూటికి 99 పాళ్లకు పైగా గాలిలోకే పోయింది. నదిలోకి దిగింది అరశాతం లోపు. అందులోనూ చాలా భాగం నీటి మీది నుంచి మళ్లీ గాలిలోకే లేచింది, సముద్రం చేరింది అత్యల్పం. నీటి పొర మీద పొడి తేలుతుంటే, పైన ఎండ కాస్తుంటే, గాలి వీస్తుంటే, కింద బురదలో బాక్టీరియాకు అందేది ఎంత?

ఇక్కడే మనం ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మందు వేసిన మూడు నెలలకు మట్టి పరీక్షించి పదో వంతే ఉందని రాస్తే, తొమ్మిది వంతులు నాశనమైందని చదువుతాం. విరిగి ఉండవచ్చు, ఎగిరి ఉండవచ్చు, కొట్టుకుపోయి ఉండవచ్చు, పరీక్షకు వాడే ద్రావణానికి కూడా ఊడి రానంత గట్టిగా మట్టిలో ఇరుక్కుని ఉండవచ్చు. ఈ నాలుగింటికీ చేలో కనిపించే అంకె ఒక్కటే. వేడి దేశాల్లో ఈ మందులు త్వరగా పోతాయి, ఇక్కడ వాడినా ఫరవాలేదు అని ఒక కాలంలో వాదించిన వాళ్లున్నారు. మన చేల నుంచి త్వరగా పోయిన మాట నిజం. ఎక్కడికి పోయిందని వాళ్లు అడగలేదు.

అడిగిన వాళ్లకు జవాబు ఉత్తర ధ్రువం దగ్గర దొరికింది. ఆల్ఫా వేడి చోట గాలిలోకి లేస్తుంది, చల్లని చోట దిగుతుంది. మళ్లీ వేడెక్కితే లేచి ఇంకాస్త ముందుకు పోతుంది. అలా దిగుతూ లేస్తూ ఆర్కిటిక్ చేరింది. ఎవరూ ఒక్క సంచి కూడా చల్లని ఆ మంచు సముద్రంలో ఆల్ఫా మోతాదు ప్రపంచ సముద్రాల్లో అత్యధికంగా ఉన్న చోట్ల లెక్కకు వచ్చింది. చైనా 1983లో వాడకం ఆపగానే ఆర్కిటిక్ గాలిలో ఆల్ఫా ఒక్కసారిగా తగ్గింది. 1990ల మొదట్లో మన దేశంలోనూ, సోవియట్ దేశంలోనూ వాడకం తగ్గినప్పుడు మరోసారి తగ్గింది. ఇక్కడి చేలల్లో మూట తట్టడం ఆగితే అక్కడి గాలి తేలికపడిందన్నమాట. గాలిలో తగ్గాక, అప్పటిదాకా పీల్చుకున్న సముద్రమే దాన్ని తిరిగి గాలిలోకి వదలడం మొదలుపెట్టింది.

బీటా ప్రయాణం వేరు. అది నీటిని వదిలి గాలిలోకి అంత తేలికగా లేవదు. గాలిలో కొద్ది దూరం పోయాక వానతో పసిఫిక్ సముద్రం ఉత్తర భాగంలో పడింది. అక్కడి నుంచి నీటి ప్రవాహాలతో బేరింగ్ జలసంధి దాటి ఆర్కిటిక్‌లోకి వెళ్లింది. ఆల్ఫా గాలి దారిన వెళితే, బీటా నీటి దారిన ఆలస్యంగా చేరింది. సీల్ జంతువుల మాంసం, తిమింగలం కొవ్వు తిని బతికే అక్కడి ఇన్యుయిట్ ప్రజల ఒంట్లోకి అవి చేరాయి. ఏ పంట పండించడానికీ ఈ మందు వాడని మనుషులు వాళ్లు.

నేలలో కిందికి, పక్కకు జరిగే కదలిక దీనితో పోలిస్తే నిదానం. లిండేన్ లీటరు నీటిలో సుమారు 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. కరిగింది కూడా సేంద్రియ పదార్థం కనిపిస్తే దానికి అంటుకుంటుంది. అందుకే మందు చాలావరకు దుక్కి లోతులోనే ఉండిపోతుంది. అయితే రేగడి నేలల్లో వేసవికి పడే నెర్రెలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. చెయ్యి దూరేంత నెర్రెలో తొలి వాన నీరు పైమట్టితో సహా నేరుగా అడుగుకు దిగుతుంది. మధ్యలో మట్టి పొరలు మందును పట్టుకునే వ్యవధి ఉండదు. ఎర్ర నేలల్లో ఇంకో ముప్పు ఉంది, కోత. వాలు చేలో జడివాన పడితే సన్న మట్టి ముందు కొట్టుకుపోతుంది. మందు ఎక్కువగా అంటి ఉండేది ఆ సన్న మట్టికే. అది వాగులో పడి చెరువులో పూడికగా చేరుతుంది. చెరువు మట్టి చేనుకు తోలడం మన పూర్వులు నేర్పిన మంచి పద్ధతి, దాన్ని మానమని నేను చెప్పను. కానీ ఏళ్ల తరబడి మందులు విపరీతంగా కొట్టిన పత్తి చేల కింద ఉన్న చెరువైతే, మట్టి తోలే ముందు ఒకసారి అవశేషాలకు పరీక్ష చేయించడం అవసరం. మామూలు భూసార పరీక్షలో ఇవి కనబడవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుమందుల అవశేషాలకు ప్రత్యేక ప్రయోగశాల ఉంది.

నేల నుంచి పంటలోకి ఎక్కే దారి ఇంకొకటి. ఈ మందులు నీటి కంటే నూనెలో బాగా కరుగుతాయి. మట్టిలోనే కాయ కట్టి, మట్టిలోనే నూనె నింపుకునే పంట వేరుశనగ. బి.హెచ్.సి. వేసిన నేలలో పండిన వేరుశనగకు, బంగాళాదుంపకు బూజు రుచి రావడం ఆ రోజుల్లోనే గుర్తించారు. క్యారెట్ కూడా పైతోలులో వీటిని బాగా పట్టుకుంటుంది. కాయలో చేరింది గానుగ చెక్కలోకి, చెక్క నుంచి పశువు ఒంట్లోకి, అక్కడి నుంచి పాలలోని వెన్నలోకి నడిచింది. మట్టిలో మొండిగా నిలిచిన బీటాయే మన ఒంట్లోనూ మొండిగా నిలుస్తుంది. మనిషి ఒంట్లో చేరిన బీటాలో సగం పోవడానికి దాదాపు 7 ఏళ్లు పడుతుంది. దేశంలో పాలను, తల్లిపాలను పరీక్షించిన ప్రతి దశాబ్దంలోనూ ఇది కనబడింది.

విరిగింది కదా అని కూడా ఊరుకోలేం. చెదలకు మనం విరివిగా వాడిన ఆల్డ్రిన్ మట్టిలో త్వరగానే మారిపోతుంది. మారి డీల్డ్రిన్ అవుతుంది, అది ఆల్డ్రిన్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, విషమూ తగ్గదు. హెప్టాక్లోర్ కూడా ఆక్సిజన్ తగిలించుకుని ఇంకా గట్టి రూపంలోకి మారుతుంది. డి.డి.టి. గాలి తగిలే నేలలో డి.డి.ఇ.గా మారి దశాబ్దాలు నిలుస్తుంది. డేగల గుడ్ల పెంకులు పల్చబడి చితికిపోయింది ఆ డి.డి.ఇ. వల్లే. ఎండోసల్ఫాన్ మట్టిలో ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది, విషం అలాగే ఉంటుంది. కాసరగోడు జీడితోటల బాధ దేశమంతా విన్న తర్వాత 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. ఏ మందు గురించైనా ఎన్నాళ్లలో మారుతుంది అని ఒక్క ప్రశ్న వేస్తే చాలదు, దేనిగా మారుతుంది అని వెంటనే రెండో ప్రశ్న వేయాలి.

కాలం లెక్క కూడా ఒకటి చెబుతాను, కాగితం లేకుండానే వేసుకోవచ్చు. ఏటా కిలో చొప్పున ఒక మందు వేస్తున్నాం, ఏడాదికి సగం పోతుంది అనుకుందాం. రెండో ఏడు వేసేసరికి కిలోన్నర, మూడో ఏడు కిలో ముప్పావు. ఎన్నేళ్లు వేసినా రెండు కిలోలు దాటదు. సగం పోవడానికి అయిదేళ్లు పట్టే మందైతే లెక్క మారుతుంది. ఏటా వేస్తూ పోతే చేలో ఏడున్నర కిలోలు దాటి పేరుకుంటుంది. వేయడం ఆపి పాతికేళ్లు గడిచినా ఇంకా పావు కిలో దాకా ఉంటుంది. ఇదీ కాగితం మీది లెక్కే. నిజం చేలో మొదట చకచకా తగ్గి, తర్వాత నిదానిస్తుంది. మట్టి లోపలి సన్న రంధ్రాల్లోకి చొరబడిన భాగం సూక్ష్మజీవులకు అందదు, గాలికీ అందదు. చివరి పాలు ఎప్పుడూ మొండిదే.

ఇవాళ మన చేలల్లో ఉన్నవి వేరే మందులు. కార్బోఫ్యూరాన్ గుళికలు త్వరగా విరుగుతాయి గానీ లీటరు నీటిలో 300 మిల్లీగ్రాములకు పైగా కరుగుతాయి. వేసిన మర్నాడు పెద్ద వాన పడితే నీటి వెంట దిగిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ వాటికంటే ఎక్కువగా కరుగుతుంది, పైగా నేలలో నెలల తరబడి, కొన్ని నేలల్లో ఏళ్ల దాకా నిలుస్తుంది. ఫిప్రోనిల్ ఎండకు ఒక రూపంలోకి, మట్టిలో ఇంకో రూపంలోకి మారుతుంది. ఆ రెండూ విషాలే. గమాక్సిన్ కథ ముగిసిందని వీటిని కళ్లు మూసుకుని వాడితే, పాత ప్రశ్నలన్నీ కొత్త పేర్లతో మళ్లీ వస్తాయి. మందు కొనేటప్పుడు ఏ పురుగు చస్తుందని అడిగే రైతు, మట్టిలో ఎన్నాళ్లుంటుందో, నీటితో దిగుతుందో లేదో కూడా అడగాలి. జవాబు చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదీ, సిఫారసు చేసేవాళ్లదీ.

గమాక్సిన్ మిగిల్చిన అప్పు ఇంకా తీరలేదు. టన్ను లిండేన్ శుద్ధి చేస్తే 8 నుంచి 10 టన్నుల పనికిరాని ఆల్ఫా, బీటా మిగులుతాయి. స్పెయిన్‌లో సబిన్యానిగో ఊరి దగ్గర అలా పారబోసిన గుట్టల నుంచి కారే నల్లటి ద్రవం గాయేగో నదిలోకి పోకుండా ఆపడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. మన లక్నో దగ్గర కూడా అలాంటి గుట్టలున్నాయి. 2009లో ఆల్ఫా, బీటా, లిండేన్ మూడింటినీ స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు. మన దేశంలో లిండేన్ వాడకం 2013లో ఆగింది. గుట్టల కింద మట్టిని బాగుచేయడానికి ఢిల్లీ బృందం కటక్ చెరుకు తోటలో దొరికిన ఆ బాక్టీరియానే పట్టుకుంది. గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండ్లను పొడి చేసి, వాటిలో బాక్టీరియాను నింపి, కలుషిత మట్టిలో కలిపి చూశారు. ఆల్ఫా, గామా బాగా తగ్గాయి, బీటా కూడా కొంత తగ్గింది. మట్టిని తడిగా ఉంచడం, మధ్య మధ్య తిరగవేయడం, బాక్టీరియాను మళ్లీ మళ్లీ అందించడం ఇందులో తప్పనిసరి. ఒకసారి చల్లి వదిలేస్తే అయ్యే పని కాదు.

మీ ఇంట్లో, పాత గోదాములో, సొసైటీ గిడ్డంగి మూలలో ఎక్కడైనా ఆ బూజు వాసన గల పాత సంచి ఇంకా ఉంటే, దాన్ని గుంట తీసి పూడ్చకండి, కాలువలో పారబోయకండి, తగలబెట్టకండి. పూడిస్తే నేల దాన్ని ఎన్నాళ్లు మోస్తుందో విన్నారు. సంచి చిరగకుండా ఇంకో గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. వాన తగలని చోట, పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచి, మీ మండల వ్యవసాయాధికారికి చెప్పండి.